కార్డు నాది, చెయ్యి ఆమెది

హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన బస్సు దిగి, మా అత్త కొత్త కళ్లజోడు చేతిలో పట్టుకుని ఇంటికి నడుస్తున్నాను. కిరాణా కొట్టు ఆవిడ గుమ్మంలోకి వచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అదేంటమ్మాయ్, నీ చెయ్యి ఫ్యాక్టరీ బెల్టులో పడిందంట కదా. బెజవాడ తీసుకెళ్లారన్నారు. నువ్వేంటి ఇలా చేతులు ఊపుకుంటా వస్తన్నావు?"

నా చేతులు రెండూ చూసుకున్నాను. ఒకదాంట్లో కళ్లజోడు డబ్బా, ఇంకోదాంట్లో పకోడీ పొట్లం. రెండూ బాగానే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. బెల్టులో పడింది నా చెయ్యి కాదు, ఆ రోజు నా కార్డు మెడలో వేసుకుని నా బదులు పనికి వెళ్లిన మా తోడికోడలి చెయ్యి.

మా వైపు మామిడి తోటల్లో కూలికి మనుషుల్ని పిలవరు, ఇళ్లను పిలుస్తారు. ముందు రోజు సాయంత్రం మేస్త్రి మా పేటలో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి, "రేపు కాలవ అవతలి తోటలో రసాలు దింపుతున్నారు, ఇంటికొక మనిషి" అని చెప్పి వెళ్లిపోతాడు. ఆ మనిషి అత్తా కోడలా ఆడబిడ్డా అన్నది ఆ ఇంటి ఇష్టం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తే వెళ్లేది. ఆమె మోకాళ్లు పట్టేశాక నేను వెళ్లాను. మేస్త్రి నా పేరు కూడా అడగలేదు. "మీ ఇంటి నుంచి నువ్వొచ్చావా, సరే" అని కాయల గుట్ట దగ్గర కూర్చోబెట్టాడు. మగవాళ్లు చిక్కం కర్రలతో కాయ దింపితే, ఆడవాళ్లం కాడలు విరిచి, జీడి కారిపోయేలా కాయను బోర్లా పెట్టాలి. ఆ జీడి వేళ్ల మీద పడి చర్మం మాడేది. సీజను అయ్యేసరికి మా అందరి వేళ్లూ పాత చింతపండులా ఉండేవి.

జంక్షన్ రోడ్డు మీద మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ పెట్టాక, అదే మేస్త్రి అవే ఇళ్లను అక్కడికి తీసుకెళ్లాడు. బంగినపల్లి, రసాలు మార్కెట్టుకు పోతాయి. గుజ్జుకు మాత్రం కలెక్టరు అనే రకం కాయ కావాలి, అది పిండినంత రసమిస్తుంది. మామిడి అయిపోయాక జామ, ఆ తర్వాత బొప్పాయి, టమాటా. అలా ఏడాది పొడుగునా పని ఉండేది. మొదట్లో కూలి మేస్త్రి చేతి మీదుగానే వచ్చేది. ఆయన ఎంత చెబితే అంత. గేటు పక్కన గోడకు కనీస వేతనాల బోర్డు ఒకటి వేలాడేది. దాని మీద రాసినదీ మా చేతికి వచ్చేదీ ఒకటి కాదని చదువుకున్న పిల్లలు చెప్పేవారు. మా జట్టులో ఒకావిడ, "అది ఆ బోర్డుకిచ్చే కూలి, మనకిచ్చేది వేరే" అనేది. అందరం నవ్వుకుని లోపలికి పోయేవాళ్లం.

తర్వాత ఎక్కడో ఏదో తనిఖీ జరిగిందన్నారు. ఒక వేసవిలో ఆఫీసు వాళ్లు వరసగా నిలబెట్టి ఆధార్లు తీసుకుని, ఫొటోలు తీసి, మెడలో కార్డులు వేశారు. కూలి బ్యాంకులో పడటం మొదలైంది. బోర్డు మీద ఉన్నంతా వచ్చింది గానీ, అందులో పీఎఫ్ అని కొంత, ఈఎస్ఐ అని కొంత కోత. ఆ కోత మా అత్తకు అసలు మింగుడు పడలేదు.

"ముసలితనానికి దాస్తారంటే అర్థం ఉంది. రోగం రాకముందే రోగానికి డబ్బు కట్టడమేంటే. పిలిచి మరీ తెచ్చుకోవడం."

ఫొటోలు తీసిన రోజున మా ఇంటి నుంచి వెళ్లింది నేను. తోడికోడలు అప్పుడు పురిటికి పుట్టింట్లో ఉంది. అందుకని కార్డు నా పేరున వచ్చింది. అంతకు మించి అందులో విశేషం ఏమీ లేదు. అది మా ఇంటి కార్డు అనుకున్నాం. రేషను కార్డు మీద ఎవరి ఫొటో ఉన్నా బియ్యం తెచ్చేది ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు కదా, ఇదీ అంతే అనుకున్నాం.

గేటు దగ్గర వేలు పెట్టే మిషన్ ఒకటి పెట్టారు. అది సరిగ్గా పనిచేసి ఉంటే ఈ కథే లేదు. జీడి తిన్న వేళ్లు ఆ మిషన్‌కు వేళ్లలా కనిపించలేదు. ఒక్కొక్కరూ వేలు కడిగి, కొంగుకు తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ తుడిచేసరికి వరస రోడ్డు మీదికి వచ్చింది. లోపల కాయ మగ్గిపోతోంది. మేనేజరు వచ్చి చూసి, మిషన్ మీద గోనెపట్టా కప్పించి, ఇకనుంచి కార్డు చూసి పంపమని వాచ్‌మెన్‌కు చెప్పాడు. వాచ్‌మెన్ కార్డు చూసేవాడు. మనిషిని ఏం చూస్తాడు, అందరికీ నెత్తిన టోపీ, మూతికి మాస్కు. కార్డు మీది ఫొటోలో నేను నాలా ఉండను సరికదా, మనిషిలా కూడా ఉండను.

దాంతో పాత పద్ధతే సాగింది. నాకు వీలు కాని రోజున ఆమె వెళ్లేది. మా తోడికోడలు మాటకారి. సాయంత్రం వచ్చి కార్డు మేకుకు తగిలిస్తూ, "ఇవాళ బాగా చేశావక్కా. సూపర్‌వైజరు నిన్ను తెగ మెచ్చుకున్నాడు" అనేది. మర్నాడు నేను వచ్చి, "నిన్న నువ్వు లేటుగా వెళ్లావంట, ఇవాళ నన్ను తిట్టాడే తల్లీ" అనేదాన్ని.

ఆమె చేతికి ఇంకో పనిలోనూ పేరుంది. ఆవకాయ రోజుల్లో పేటలో సగం మంది కాయలు బుట్టల్లో పోసుకుని మా ఇంటికే వచ్చేవారు, ముక్కలు కొట్టించుకోవడానికి. ముక్క ముక్కకీ టెంక పెచ్చు అతుక్కుని ఉండేలా కొట్టడం అందరికీ రాదు. ఆమె పీట మీద కూర్చుని, ఎడం చేత్తో కాయ నిలబెట్టి, కత్తి ఒక్కసారి దించితే కాయ రెండయ్యేది. మాట్లాడుతూనే కొట్టేది. ఆ డబ్బులు ఆమెవి, ఇంట్లో ఎవరూ అడిగేవాళ్లం కాదు.

ఆ రోజు జరిగింది పక్కన పనిచేసిన వాళ్లు చెబితే తెలిసింది. బెల్టు చివర రోలరు దగ్గర ఒక టెంక ఇరుక్కుంది. ఆపమని ఆమె కేక వేసి, ఆపేలోపు తీసేద్దామని చెయ్యి పెట్టింది. రోలరు గ్లవుజు పట్టుకుని చేతిని లోపలికి లాగింది. కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు, పై కణుపులు పోయాయి. మేస్త్రి ఆమెను ఫ్యాక్టరీ వ్యానులో వేసుకుని బెజవాడ ఆసుపత్రికి పరుగెత్తాడు. అక్కడ పేరు అడిగారు. ఆమె స్పృహలో ఉందో లేదో. మేస్త్రి ఆమె మెడలో ఉన్న కార్డు తీసి ఇచ్చాడు. దాంతో నా పేరు రాసుకున్నారు.

ఆమెను ఇంటికి తెచ్చిన సాయంత్రం మేస్త్రి అరుగు మీద కూర్చుని నాతో చెప్పాడు.

"పెద్ద కోడలా, జాగ్రత్తగా విను. దెబ్బ తగిలింది నీకు. నువ్వు పనిలోకి రాకూడదు. చేతికి గుడ్డ కట్టుకో. ఆఫీసు వాళ్లెవరన్నా ఇటొస్తే కనపడాలి. కూలిలో చాలా వంతు గవర్నమెంటే నీ ఖాతాలో వేస్తది."

"మరి దానికి, బాబాయ్?"

"నీకు వేస్తే దానికి వేసినట్టు కాదా. ఒకే కుండలో అన్నం తినే మనుషులు."

ఆ మాటలో అప్పటికి తప్పేమీ కనిపించలేదు. నేను చేతికి గుడ్డ చుట్టుకున్నాను. ఇంట్లో తీసేసి వంట చేసి, కుళాయి దగ్గరకు వెళ్లేటప్పుడు మళ్లీ చుట్టుకునేదాన్ని. ఒకసారి తొందరలో ఎడమ చేతికి చుట్టుకుని బయటకు వెళ్లబోతే, మా అత్త కొత్త కళ్లజోడు లోంచి చూసి వెనక్కి పిలిచింది.

"ఏ చెయ్యో ముందు తేల్చుకోవే. ఇద్దరూ కట్లు కట్టుకుని కూర్చుంటే చూసినోళ్లు మీరిద్దరూ కొట్టుకున్నారనుకుంటారు."

డబ్బు నా ఖాతాలో పడేది. నేను తెచ్చి ఆమె దిండు కింద పెట్టేదాన్ని. "నీ చెయ్యి మంచం మీద కూర్చుని కూడా బాగా సంపాదిస్తందక్కా" అనేది ఆమె. నవ్వు మాత్రం పాత నవ్వు కాదు. ఆవకాయ రోజులు వచ్చాయి, పోయాయి. బుట్టలతో వచ్చినవాళ్లు గుమ్మం దాకా వచ్చి, ఆమెను చూసి, బుట్టలు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు. ఒకరోజు ఆమె పీట వేసుకుని కూర్చుని కత్తి పట్టుకుంది. పట్టు నిలవలేదు. కత్తిని గోనెలో చుట్టి అటక మీద పెట్టించింది.

గాయం మానాక ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆసుపత్రిలో డాక్టర్లంతా కూర్చుని చెయ్యి చూస్తారట. ఎంత నష్టం జరిగిందో తేల్చి, దాన్ని బట్టి బతికినంతకాలం నెలనెలా పింఛను ఇస్తారట. మేస్త్రి మళ్లీ వచ్చాడు. తోడికోడలు నా ఆధార్ పట్టుకుని వెళ్తే సరిపోతుందన్నాడు.

"అక్కడ మొహం ఎవరు చూస్తారమ్మా. వేళ్లు చూస్తారు. వేళ్లు నీయేగా."

ఆమె అప్పుడు ఎడమ చేత్తో అన్నం తింటోంది. ముద్ద కంచంలో పెట్టి అడిగింది.

"ఈ పింఛను ఎన్నాళ్లొచ్చిద్ది బాబాయ్?"

"బతికున్నంతకాలం."

"ఎవరు బతికున్నంతకాలం?"

మేస్త్రి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"కాయితంలో ఎవరి పేరుంటే వాళ్లు."

ఆమె నా వైపు చూసింది. "అంటే అక్క పోయిన రోజున నా వేళ్ల పింఛను కూడా పోద్ది. అక్క నాకంటే పదేళ్లు పెద్దది."

"ఇప్పుడే నన్ను చంపెయ్యకే," అన్నాను. మా అత్త నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నిన్ను చంపట్లేదక్కా. నువ్వు నూరేళ్లుండు. కానీ రేపు నీ కోడలొస్తది. బ్యాంకు పుస్తకం దాని చేతికి పోద్ది. నేను వెళ్లి అందులో నా వేళ్లున్నాయమ్మా అని చెబితే నమ్ముద్దా?"

మేస్త్రి గొంతు తగ్గించి తన సంగతి చెప్పుకున్నాడు. నిజం చెబితే అది మా ఒక్క ఇంటితో ఆగదు. పేటలో చాలా ఇళ్లలో కార్డు ఒకరిది, మనిషి ఇంకొకరు. ఆయన తెచ్చిన జట్టు అంతా ఆగిపోతుంది. ఆయన మాటా నిజమే. మా అత్త మాత్రం మధ్యలో, "కాయితం మీద ఎవరుంటే ఏంటి, ఇల్లు ఒకటే కదా" అని అంటూనే ఉంది. ఆమె పనికి పోయిన కాలంలో అది సరిపోయింది. తోటలో చెయ్యి తెగితే ఆ తోట ఆసామి పసుపు, గుడ్డ ఇచ్చి ఇంటికి పంపేవాడు, అక్కడితో అయిపోయేది. పేరు అడిగే పని ఎవరికీ పడలేదు. ఇప్పుడు పేరు అడుగుతున్నారు. అంతకుమించి తేడా ఏమీ లేదు, కానీ ఆ తేడా చాలా పెద్దది.

నా సంగతి నాకూ ఉంది. చెబితే నా పని పోతుంది. చెప్పకపోయినా, రెండు వేళ్లు లేవని తేల్చిన మనిషిని పది వేళ్లతో ఆ గేటు లోపలికి ఎలా పోతాను. ఎటు చూసినా నా కార్డు అయిపోయినట్టే. ఈ లెక్క తేలాక మిగిలినది కష్టం కాలేదు. తెల్లవారగానే చేతి గుడ్డ విప్పి ఉతికి ఆరేశాను. "తయారవ్వే, ఆఫీసుకెళ్లొద్దాం" అన్నాను. ఆమె మంచి చీర కట్టుకుంది.

ఆఫీసులో కార్డుల పని చూసే అబ్బాయి కుర్చీలో ఉన్నాడు. ఉద్యోగంలో కొత్త. మేమిద్దరం బల్ల ముందు నిలబడితే ముందు నా చేతులు చూశాడు, తర్వాత ఆమెవి.

"మీలో కార్డు ఎవరిదండీ?"

"నాదండీ."

"దెబ్బ ఎవరికండీ?"

"నాకండీ," అంది ఆమె.

అతను కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నాడు. "ఆ రోజు మీరెక్కడున్నారండీ?" అని నన్ను అడిగాడు.

"జంక్షన్‌లో ఉన్నానండీ. మా అత్త కళ్లజోడు తేవడానికెళ్లా."

"ప్రమాదం రిపోర్టు రాసింది నేనేనండీ. మీ పేరే రాశాను. ఇప్పుడు మీరొచ్చి కళ్లజోడు అంటే నా ఉద్యోగం ఏమవుతుంది?"

"మీ తప్పేముందండీ," అంది మా తోడికోడలు. "మీరు కార్డు చూసి రాశారు. మీ మిషన్ మా వేళ్లు గుర్తుపట్టలేదు, మీ వాచ్‌మెన్ మా మొహాలు గుర్తుపట్టలేదు. మీరొక్కరే ఎలా గుర్తుపడతారు."

ఆ అబ్బాయికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడాడు. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత చాలా రోజులు అటూ ఇటూ తిప్పారు. ముందు మేనేజరు ఆమె అసలు ఫ్యాక్టరీ మనిషే కాదన్నాడు. అప్పుడు బెజవాడ ఈఎస్ఐ ఆఫీసుకు పోయాం, అక్కడ ఒక మేడం మా ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగింది. ఆమె అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. కార్డు సంగతి ముందు అడగలేదు.

"బెల్టు దగ్గర నిలబడింది ఎవరమ్మా?"

"నేనండీ."

"నిలబెట్టింది ఎవరు?"

"ఫ్యాక్టరీ వాళ్లండీ. సూపర్‌వైజరు చూశాడు, పక్కన మా జట్టు అంతా చూశారు."

"అయితే పని చేయించుకున్నారు కదా. పని చేసే మనిషికి కార్డు చేయించాల్సింది వాళ్లు. చేయించకపోతే అది వాళ్ల లోటు. పనిలో తగిలిన దెబ్బ పని చేసిన మనిషిదే." తర్వాత నా వైపు తిరిగింది. "మీ పేరున వచ్చింది వెనక్కి కట్టాలమ్మా. అది మీది కాదు."

"ఎప్పుడూ నాది కాదండీ," అన్నాను.

జట్టు వాళ్లు సాక్ష్యం చెబుతారో చెప్పరో అని భయపడ్డాం. కొందరు మొహం తిప్పుకున్నారు. "మీ ఇద్దరి మూలంగా మా అమ్మాయిని పంపే దారి కూడా పోద్ది" అని ఒకావిడ మొహం మీదే అంది. చివరికి చెప్పింది మేస్త్రే. ఎందుకు చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, వ్యానులో ఎక్కించింది తనేనని, మెడలో కార్డు తీసి ఇచ్చింది తనేనని చెప్పి, మాతో కలిసి బస్సు కూడా ఎక్కకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లు మా గుమ్మం ముందు "ఇంటికొక మనిషి" అన్న పిలుపు లేకుండానే నడిచిపోయేవాడు.

ఆమె పేరున కార్డు వచ్చింది. ఆమె పేరున డాక్టర్లు చెయ్యి చూశారు. పింఛను చిన్నదే. అందులో అటక మీది కత్తి సంపాదించినంత కూడా రాదని ఆమె అంటుంది. కానీ ఆమె ఖాతాలో పడుతుంది. ఫ్యాక్టరీ ఆమెను లేబుళ్లు సరిచూసే పనిలో పెట్టుకుంది. నన్ను మానిపించారు. నా పీఎఫ్ మాత్రం నాకు వచ్చింది. పేటలో మిగిలిన ఇళ్ల వాళ్లను ఆఫీసు పిలిచి ఎవరికి వాళ్లకు కార్డులు చేయించింది. కొన్ని ఇళ్లకు రెండు వచ్చాయి, కొన్ని ఇళ్లలో అసలు రాలేదు. ఈమధ్య కొత్త చట్టాలు వచ్చాయని చెప్పి, పనిలో చేర్చుకున్నట్టు ప్రతి ఒక్కరికీ పేరు రాసి కాయితం కూడా ఇచ్చారు. గేటు దగ్గర వేళ్ల మిషన్ పోయి మొహం చూసే మిషన్ వచ్చింది. మాస్కు తీసి దాని ముందు నిలబడాలి.

నేను మళ్లీ తోటలకు వెళ్తున్నాను. అక్కడ ఇప్పటికీ ఇంటికొక మనిషే. మేస్త్రి కోపం కూడా జామకాయల కాలం వచ్చేసరికి తగ్గింది.

మొన్న వానల్లో తోడికోడలికి జ్వరం వచ్చింది. పొద్దున్నే మా అత్త నా దగ్గరకు వచ్చి, మేకుకు ఉన్న కార్డు తీసి చేతికి ఇవ్వబోయింది.

"దానికి ఒళ్లు కాలిపోతంది. నువ్వెళ్లి రావే."

"నా మొహం ఒప్పుకోదత్తా. దాని మొహమే కావాలి."

"మరి అదెళ్లలేదుగా."

"ఎవరూ వెళ్లక్కర్లేదు. దానికి సెలవుంది. ఇంట్లో ఉన్నా కూలి పడుద్ది."

మా అత్త కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. నా వైపు చూసింది, దుప్పటి కప్పుకుని పడుకున్న చిన్న కోడలి వైపు చూసింది.

"ఈ ఇంటి నుంచి ఒక్క మనిషి కూడా వెళ్లకపోతే కూలెందుకిస్తారే?"

దుప్పటి లోపల నుంచి తోడికోడలు గొంతు వచ్చింది. "నేను వెళ్లానుగా అత్తా, ఇన్నాళ్లూ. దానికి."

అత్తకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. కార్డు మేకుకు తగిలించి, గేటు దగ్గర ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని మధ్యాహ్నం దాకా అరుగు మీదే కూర్చుంది.